కాటికాపరి నోటీసు

శ్యామ్‌సుందర్‌కి కుర్చీ అచ్చిరాదు. అరవై అయిదేళ్ళొచ్చాయి, రిటైరై ఏడాది దాటింది, ఎడమ మోకాలికి పట్టీ వేసుకుంటాడు. అయినా సరే, ఒకచోట కుదురుగా కూర్చోమంటే ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంటుంది ఆ మనిషికి. కాఫీ నిలబడి తాగుతాడు. ఫోన్ నడుస్తూ మాట్లాడతాడు. పళ్ళు తోముకుంటూ మెట్లెక్కి దిగుతాడు. న్యూజెర్సీలో, ఐసెలిన్‌లోని వాళ్ళింట్లో వంటగది గుమ్మం నుంచి గరాజ్ తలుపుదాకా కార్పెట్ మీద ఒక కాలిబాట అరిగిపోయి ఉంది. "పశువులు తొక్కిన దారిలా ఉంది, కార్పెట్ మార్పించండి" అని ఆయన భార్య మీనాక్షి ఆరేళ్ళుగా మొత్తుకుంటోంది. మార్పిస్తే మాత్రం ఏం లాభం? ఇంకో ఆరేళ్ళకి మళ్ళీ అదే దారి పడుతుంది.

మామూలు రోజుల్లోనే అలా ఉండే మనిషి, ఈ నెల రోజులుగా మరీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కారణం చెబితే నవ్వుతారు. చెప్పినవాళ్ళందరూ నవ్వారు కూడా. వచ్చే ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆయన తన చేతులతో ఒక గ్రూప్‌ని చెరిపెయ్యాలి. వాట్సాప్ గ్రూప్ కాదు. వాట్సాప్ పుట్టకముందు, ఇళ్ళల్లోకి ఇంటర్నెట్ రాకముందు, యూనివర్సిటీల కంప్యూటర్లు ఫోన్ తీగల మీద ఒకదాని ఉత్తరాలు ఒకటి మోసుకునే కాలంలో హార్బర్‌నెట్ అని ఒక నెట్‌వర్క్ ఉండేది. బొమ్మల్లేవు, లైకుల్లేవు, ఒట్టి అక్షరాలు. టెలిస్కోపులకొక గ్రూప్, కుక్కలకొకటి, పాత కార్లకొకటి, తెలుగువాళ్ళకొకటి. ఎవరు ఏం రాసినా అన్ని ఊళ్ళ కంప్యూటర్లకీ చేరేది. అది ఇప్పటికీ కొనఊపిరితో బతికే ఉంది. ఆ సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

అందులో ఒక గ్రూప్ పుట్టాలంటే వంద వోట్లు కావాలి. పోవాలంటే ఒక్క మనిషి చాలు. ఆ మనిషి తన రహస్య ముద్ర వేసి "తీసెయ్యండి" అని ఉత్తర్వు పంపితే, ముద్ర చూసుకుని అన్ని కంప్యూటర్లూ కిక్కురుమనకుండా ఆ గ్రూప్‌ని ఉత్తరాలతో సహా చెరిపేస్తాయి. 1994 నుంచీ ఆ మనిషి శ్యామ్‌సుందరే. జీతం లేదు, భత్యం లేదు. పగలంతా ఇన్సూరెన్స్ కంపెనీలో కంప్యూటర్లు చూసుకుని, ఇంటికొచ్చాక ఈ పని. ముప్పై ఏళ్ళలో వెయ్యీ మూడొందల పన్నెండు గ్రూపుల్ని సాగనంపాడు. తెలుగు గ్రూప్‌లో ఎవరో ఆయనకి 'కాటికాపరి' అని పేరు పెట్టారు. అది అతుక్కుపోయింది. పైకి చిరాకుపడేవాడు కానీ, లోపల కాస్త గర్వంగానే ఉండేది.

గర్వమెందుకంటే ఆ పనికి ఒక పద్ధతి పెట్టింది తనే. ఏడాదిపాటు ఎవరూ ఏమీ రాయని గ్రూప్‌కి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు 'ప్రకటనలు' అనే వేరే గ్రూప్‌లో ముప్పై రోజులుండాలి. ఈలోగా ఒక్కరంటే ఒక్కరు "నేనున్నాను, ఉంచండి" అని రాస్తే చాలు, ఆ గ్రూప్ జోలికి పోకూడదు. చదివితే లెక్కలోకి రాదు, రాయాలి. ఎవరు చదువుతున్నారో పేర్లు రాసిపెట్టుకోకూడదు, ఏ పూట ఏ గ్రూప్ తెరిచారన్నదే ఉండాలి. ఈ పని చూసే మేనేజర్ తనే "ఉంచండి" అనకూడదు, ఎవరినీ వెళ్ళి బతిమాలకూడదు. ఆయనకి ముందున్న మేనేజర్ స్నేహితుల కాళ్ళావేళ్ళా పడి తన ముద్దుల గ్రూపుల్ని బతికించుకున్నాడని పెద్ద రభస జరిగింది. అందుకని ఆ ఆఖరి రూల్‌ని శ్యామ్‌సుందర్ పట్టుబట్టి రాయించాడు.

ఇప్పుడు హార్బర్‌నెట్ ఉత్తరాలన్నీ ఉన్న ఆఖరి మెషీన్‌ని ఒక యూనివర్సిటీ బేస్‌మెంట్‌లోంచి తీసిపారేస్తున్నారు. ఇంకోచోట చోటు దొరికింది కానీ, బతికున్న గ్రూపులే పంపమన్నారు. హార్బర్‌నెట్ వ్యవహారాలు చూసే కమిటీకి పెద్ద ఒక రిటైర్డ్ ప్రొఫెసర్. ఆయన మెయిల్ పెట్టాడు: ఆఖరిసారి వడపోసి పెట్టు, శ్యామ్. వడపోస్తే పంతొమ్మిది గ్రూపులు నిలవలేదు. పద్దెనిమిదింటికి చీమ కుట్టినట్టయినా అనిపించలేదు ఆయనకి. పంతొమ్మిదోది తెలుగు గ్రూప్. అందులో ఆఖరి ఉత్తరం పధ్నాలుగు నెలల కిందటిది, ఎవరో మంచు టైర్లు అమ్ముతామని పెట్టిన ప్రకటన.

ఆ గ్రూప్‌ని పుట్టించింది తనే. 1993లో కనబడిన తెలుగువాడినల్లా పట్టుకుని వంద వోట్లు కూడగట్టాడు. మొట్టమొదటి ఉత్తరం కూడా తనదే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు: "న్యూజెర్సీలో చింతచిగురు ఎక్కడ దొరుకుతుంది?" దానికి ఒకే ఒక్క జవాబొచ్చింది, "దొరకదు" అని. ఆ తరవాత ఆయన ఆ ఉత్తరం మళ్ళీ తెరవలేదు. దొరకదన్నాక ఇంకేం చూస్తాం?

నోటీసు పెట్టిన మర్నాడు ఊరికే చూద్దామని, గ్రూప్ ఏ పూట తెరిచారో ఆ పాత లెక్కలు తెరిచాడు. ఆ గ్రూప్‌ని రోజూ పొద్దున అయిదూ నలభైకి ఎవరో తెరుస్తున్నారు. రోజూ. ఆదివారం లేదు, పండగ లేదు, ఒక్క పూట తప్పలేదు. తెరిచి, కాసేపుండి, మూసేస్తున్నారు. ఒక్క ముక్క రాయరు.

"ఎవరో ఉన్నారు మీనాక్షీ!" అన్నాడు ఆ రోజు, వంటగదిలో పొయ్యి చుట్టూ తిరుగుతూ. "ఎవరో పెద్దవాళ్ళయి ఉంటారు. ఒంటరివాళ్ళేమో. పొద్దున్నే లేచి ఆ పాత ఉత్తరాలు చదువుకుంటున్నారు. ఆదివారం నేను చెరిపేస్తే సోమవారం పొద్దున వాళ్ళకి ఏం కనబడుతుంది?"

"అయితే చెరపకండి."

"రూల్ ఉంది కదా!"

"అయితే చెరపండి. ముందు పక్కకి జరగండి, నూనె చిందుతుంది."

నిమ్మకు నీరెత్తినట్టు అలా అనేసి ఆవిడ మినపట్టు తిరగేసింది. ఈయనకి మాత్రం అన్నం సయించలేదు. ఆ మనిషి ఒక్క లైను రాస్తే చాలు. కానీ నోటీసు ఉన్నది వాళ్ళు చూడని చోట. రాయమని తను అడగకూడదు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పని రూల్ అది.

అడగకూడదు సరే, ఎవరో కనుక్కుంటే తప్పేముంది? మనసుకి అలా సర్దిచెప్పుకుని ఇండియన్ షాపులన్నీ ఉండే ఓక్ ట్రీ రోడ్ మీద పడ్డాడు. పాతకాలపు తెలుగువాడు ఎవడు దొరికితే వాడిని, కిరాణా షాపులో కందిపప్పు దగ్గర, మిఠాయి కొట్లో క్యూలో, పార్కింగ్ లాట్‌లో కారెక్కబోతుండగా పట్టుకుని "పొద్దున్నే లేస్తారా మీరు?" అని మొదలుపెట్టేవాడు. వాళ్ళేమో షుగర్ గురించో బీపీ గురించో అడుగుతున్నాడనుకుని ఏకరువు పెట్టేవారు.

గురువారంనాడు టిఫిన్ సెంటర్‌లో అమర్‌నాథ్ దొరికాడు. కరీంనగర్ మనిషి. ఆ రోజుల్లో తెలుగు గ్రూప్‌లో క్రికెట్ గురించి రోజుకి పది ఉత్తరాలు రాసినవాడు.

"ఏంది శ్యామన్నా, నిలవడ్డవ్? కూసో."

"కూర్చోను కానీ, నువ్వు మన పాత గ్రూప్ ఏమైనా చదువుతున్నావా, పొద్దున్నపూట?"

"ఏ గ్రూప్? ఎడిసన్ వాకర్సా, టెంపుల్ వాలంటీర్సా? నాకు నలభై గ్రూపులున్నయన్నా, అన్నీ మ్యూట్ చేసిన."

"అది కాదయ్యా, హార్బర్‌నెట్."

అమర్‌నాథ్ ఇడ్లీ నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశాడు. "అదింకా ఉన్నదా?" అని పగలబడి నవ్వాడు. "లింక్ పంపు, జాయిన్ అయిత."

"లింక్ ఉండదు దానికి."

"లింక్ లేకుంటే ఎట్లన్నా? ఇడిసిపెట్టు. పోనీ, వసుమతక్కని అడుగు. ఆమెకి పాతవన్నీ యాదికుంటయ్."

ఆ పేరు వినగానే శ్యామ్‌సుందర్ మొహం మాడిపోయింది. ఊళ్ళో అందరినీ అడిగి ఆవిడ ఒక్కదాన్నే వదిలేశాడు మరి. ఎందుకొదిలేశాడో చెప్పాలంటే 1998లోకి వెళ్ళాలి.

అప్పట్లో హార్బర్‌నెట్‌లో ఆడవాళ్ళది ఒక చిన్న గ్రూప్ ఉండేది. మొగుళ్ళ వీసాల మీద వచ్చి, ఉద్యోగం చేసే వీల్లేక, కారు నడపడం రాక, అపార్ట్‌మెంట్‌లో గోడలు చూస్తూ కూర్చున్న తెలుగు అమ్మాయిలు ఓ అరడజను మంది. మొగుళ్ళ లాగిన్‌లతో మధ్యాహ్నాలు రాసుకునేవారు. దాన్ని మొదలుపెట్టింది వసుమతి. 'కబుర్లు' దాని పేరు. ఆ ఏడు చలికాలం చాలావరకు వాళ్ళ ఇళ్ళల్లో కంప్యూటర్లు మార్చుకోవడాలూ ఊళ్ళు మారడాలూ అయి రాతలు ఆగిపోయాయి. ఆ ఏడాదికి మాత్రం గ్రూపులో ఎవరూ ఆర్నెల్లు రాయకపోయినా నోటీసే అన్నారు, డిస్క్‌లో చోటు లేదని. జూన్‌లో ఈయన నోటీసు పెట్టాడు. జులైలో, ఎవరూ పలకలేదు కాబట్టి, ముద్ర వేసి చెరిపేశాడు.

ఎలా పలుకుతారు? స్కూళ్ళకి సెలవులివ్వగానే పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళందరూ ఇండియా విమానం ఎక్కేశారు. జూన్ నుంచి ఆగస్టుదాకా న్యూజెర్సీలో ఏ తెలుగు ఇంటి తలుపు తట్టినా మొగుడు ఒక్కడే చారు కాచుకుంటూ కనబడేవాడు. ఏ అమెరికన్ మేనేజర్‌కో ఆ సంగతి తెలియకపోవచ్చు. శ్యామ్‌సుందర్‌కి తెలియదా? ఆ వేసవంతా తనూ చారే కాచుకున్నాడు.

సెప్టెంబర్‌లో వసుమతి ఫోన్ చేసింది. "తాళం వేసి ఊరెళ్తే ఇల్లు కూలగొడతారా శ్యామ్ గారూ?" అని అడిగింది. ఈయన "రూల్ అందరికీ ఒకటేనండీ" అన్నాడు. ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఇరవై ఏడేళ్ళయింది. ఇప్పటికీ ఓక్ ట్రీ రోడ్ మీద కిరాణా షాపులో ఎదురుపడితే, ఆవిడ బండి ఇంకో వరసలోకి తిప్పేసుకుంటుంది.

శుక్రవారమంతా ఇంట్లో ఆ దారి తొక్కాడు. శనివారానికి తట్టుకోలేకపోయాడు. ఎవరికోసమో ఇంత ఊరు తిరిగి, ఆవిడ దగ్గరికి వెళ్ళకపోతే అది భయమే అవుతుంది కదా! ఎడిసన్‌లో వసుమతి పనిచేసే లైబ్రరీకి డ్రైవ్ చేసుకుని వెళ్ళాడు. ఆవిడ తిరిగొచ్చిన పుస్తకాల బండి తోసుకుంటూ అరల్లో సర్దుతోంది. జుట్టు నెరిసింది. చూపు మాత్రం ఆ ఫోన్‌లో వినబడిన గొంతులాగే ఉంది.

"వసుమతి గారూ, ఒక్క మాట."

"లైబ్రరీలో మాట్లాడకూడదు. రూల్."

ఆవిడ బండి తోసుకుంటూ పోతుంటే పక్కనే నడుస్తూ గుసగుసగా మొత్తం చెప్పాడు. ఆఖరి మెషీన్, నోటీసు, ఆదివారం, అయిదూ నలభై. "మీరేనా?" అని అడిగాడు.

"నేను కాదు."

"నిజంగా?"

"అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకేముంది? పొద్దున్నే లేచి అందులో టైర్ల ప్రకటనలు చదవడానికి నాకేం పిచ్చా?" అని రెండడుగులు వేసి ఆగింది. "మొత్తం పోతుందా? పాతవి కూడా?"

"పాతవి కూడా."

ఆవిడ చేతిలో పుస్తకం అరలో పెట్టకుండా అలాగే నిలబడిపోయింది. గుసగుసగా, "చింతచిగురు?" అంది.

శ్యామ్‌సుందర్‌కి ఏమీ అర్థం కాలేదు.

"మీకింకా తెలియదన్నమాట" అంది వసుమతి. "మీరు మా గ్రూప్ చెరిపేశాక మేం ఎక్కడికి పోయామనుకున్నారు? మీ గ్రూప్‌లోకే వచ్చాం. మీ చింతచిగురు ఉత్తరం కిందికి. 'దొరకదు' అని జవాబొచ్చిన ప్రశ్నని మళ్ళీ తెరిచే మగాడు ఎవడూ ఉండడని నాకు తెలుసు. పదకొండేళ్ళు రాసుకున్నాం అక్కడ. మా అవని ఏడోనెలలో పుట్టి నలభై రోజులు అద్దాల పెట్టెలో ఉంటే, రోజూ హాస్పిటల్ నుంచి వచ్చి అక్కడే ఏడ్చాను. ఇద్దరో ముగ్గురో జవాబు రాసేవాళ్ళు. ఆ జవాబుల మీద బతికాను."

"అన్నీ కాపీ తీసిస్తానండీ, ఇవాళే..."

"శవానికి ఫొటో తీసిస్తానన్నట్టుంది. మేం మనసులో మాట చెప్పుకున్న చోటు శ్యామ్ గారూ అది. రాయడం మానేసి ఉండొచ్చు. తాళం వేసి ఊరెళ్ళాం, అంతే."

గొంతు కొంచెం పెరిగింది. కౌంటర్ దగ్గరున్నావిడ తలెత్తి చూసింది. శ్యామ్‌సుందర్ నోటిదాకా వచ్చింది, ఒక్క లైను రాయండి అని. నాలుక కరుచుకున్నాడు. అడగకూడదు. ఆవిడ అది కనిపెట్టింది.

"రాయమని అడగరుగా? అడగరు. నేనూ రాయను. ఒకసారి చెప్పకుండా పాతిపెట్టినవాళ్ళ ముందుకొచ్చి 'అయ్యా, బతికున్నాను' అని దండం పెట్టుకోవాలా? అయినా నన్నెందుకు అడుగుతున్నారు, మీనాక్షిని అడగండి. ఆవిడని జేఎఫ్‌కేలో విమానం ఎక్కించి వచ్చిన వారానికే కదా మా నోటీసు పెట్టారు."

"మీనాక్షికేం సంబంధం?"

వసుమతి ఆయన మొహంలోకి చూసింది. ఇరవై ఏడేళ్ళ కోపంలోంచి మొదటిసారి జాలి లాంటిది తొంగిచూసింది. "ఇంటికెళ్ళండి" అంది.

లైబ్రరీ నుంచి ఇంటికి పదిహేను నిమిషాల దారి. ఆయన రెండుసార్లు ఎగ్జిట్ తప్పాడు.

మీనాక్షి సోఫాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆయన చెప్పులు విప్పకుండానే ఎదురుగా నిలబడ్డాడు.

"కబుర్లు గ్రూప్‌లో నువ్వు కూడా ఉన్నావా?"

ఆవిడ చెయ్యి ఆగలేదు. "ఉన్నాను."

"నేను దాన్ని చెరిపేశానని తెలిసి కూడా నాతో ఒక్క మాట అనలేదేం?"

"అంటే ఏం చేసేవారు? చెరిపినదాన్ని తెచ్చేవారా? రూల్ మార్చేవారా?"

ఆయన సోఫా చివరిదాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు.

"మార్చరని తెలుసు. అందుకే అనలేదు" అంది మీనాక్షి. గొంతులో కోపం లేదు, అదే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎవరూ చూడని చోట నోటీసు పెట్టి, ఎవరూ పలకలేదంటే ఎలాగండీ? మేం చదివేది మా గ్రూప్. నోటీసు ఇంకో గ్రూప్‌లో. ఆ చోటు ఉందనే నాకు తెలియదు."

"మరి... పొద్దున అయిదూ నలభైకి చదివేది నువ్వేనా?" అన్నాడు.

మీనాక్షి ఫక్కున నవ్వేసింది. "అయిదూ నలభైకా! ఈ ఇంట్లో ఆ వేళకి లేచి తిరిగే భూతం ఒక్కటే ఉంది. అది మీరు."

అదేదో ఊరికే అన్న మాట. కానీ శ్యామ్‌సుందర్‌కి తగలాల్సిన చోట తగిలింది. ఏదో గుర్తుకొస్తున్నట్టూ రానట్టూ ఉంది. గబగబా బేస్‌మెంట్ మెట్లు దిగాడు. బొమ్మల కొలువు అట్టపెట్టెలు ఒక్కొక్కటే పక్కకి జరిపాడు. వాటి వెనక, గోడ మూలన, దుమ్ముకొట్టుకుపోయిన పాత కంప్యూటర్ ఒకటి సన్నగా మూలుగుతోంది. పచ్చలైటు వెలుగుతోంది. దానిమీద కాగితం అంటించి ఉంది: 'ఆపొద్దు'. రాత తనదే.

2004లో ఆ యూనివర్సిటీ మెషీన్ తరచూ పడిపోతుండేది. రోజూ పొద్దున దాన్ని ఒకసారి పలకరించి, పలుకుతోందో లేదో చూడ్డానికి చిన్న ప్రోగ్రామ్ రాసి పెట్టాడు. ఏదో ఒక గ్రూప్ తెరవాలి కదా, తన సొంత గ్రూపే పెట్టాడు. అయిదూ నలభైకి తెరిచి, కాసేపుండి, మూసేస్తుంది. ఆ తరవాత ఇల్లు మారారు, 'ఆపొద్దు' అన్న కాగితం చూసి మూటలు కట్టినవాళ్ళు ఆ పెట్టెని జాగ్రత్తగా తెచ్చి మళ్ళీ తగిలించారు. తను మర్చిపోయాడు. అది మర్చిపోలేదు.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది, ఆ ఎలుక కూడా ఇంటిదే. నెలరోజులుగా ఏ ఒంటరి మనిషి కోసం అన్నం మానేశాడో, ఆ మనిషి ఎవరూ లేరు. అంటే పద్ధతి ప్రకారం తెలుగు గ్రూప్ చచ్చిపోయినట్టే. చెరిపెయ్యడానికి అడ్డేమీ లేదు. అలా తేలిపోతే మనసు తేలికపడాలి కదా, పడలేదు.

ఆదివారం పొద్దున కాఫీ తాగి, ముప్పై రెండేళ్ళ తరవాత మొదటిసారి, చింతచిగురు ఉత్తరం తెరిచాడు. "దొరకదు" కింద నాలుగొందలకు పైగా ఉత్తరాలున్నాయి. డిష్‌వాషర్‌కి ఆనుకుని నిలబడి చదివాడు. కిటికీ దగ్గరికి ల్యాప్‌టాప్ మోసుకెళ్ళి చదివాడు. మెట్ల మీద చదివాడు. డ్రైవింగ్ టెస్ట్ మూడుసార్లు తప్పినావిడ. అత్తగారు ఆర్నెల్లకి వస్తే మొదటి వారంలోనే మంచుకి జడిసి తిరిగెళ్ళిపోయిన కథ. అవని బరువు, రోజుకి ఎన్ని గ్రాములు పెరిగిందో. పదింటికి మీనాక్షి "కూరలకి వెళ్ళొస్తా" అని కారు తీసుకుని వెళ్ళింది. ఆయన తలెత్తకుండానే ఊఁ అన్నాడు.

పదకొండు దాటాక ఆ ఉత్తరం కనబడింది. 2000 మార్చి. కింద పేరు లేదు, 'మీ' అని ఒక అక్షరం.

"నిన్నటితో అయిపోయింది. అయిదో నెల. ఆడపిల్లట. హాస్పిటల్ నుంచి వచ్చాక ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. తెల్లవార్లూ హాల్లో తిరుగుతూనే ఉన్నారు. మధ్యమధ్య కంప్యూటర్ దగ్గరికెళ్ళి నోటీసులు పెట్టుకున్నారు. మొదట కోపమొచ్చింది. తరవాత అర్థమైంది. ఆయనకి ఏడవడం చేతకాదు, అందుకని తిరుగుతారు. నాకు తిరగడం చేతకాదు, అందుకని ఏడుస్తాను. ఆయనకి చెప్పకండి."

దాని కింద అయిదుగురి జవాబులున్నాయి. మొదటిది వసుమతిది: "అన్నం వండుకుని బస్సులో వస్తున్నా. తలుపు తియ్యి." ఆ రోజు సాయంత్రం వసుమతి ఎందుకొచ్చిందో, గడప దాటి తన మొహం కూడా చూడకుండా లోపలి గదిలోకి ఎందుకు వెళ్ళిపోయిందో ఇరవై అయిదేళ్ళకి తెలిసింది ఆయనకి.

గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. మేనేజర్ "ఉంచండి" అనకూడదు. మేనేజర్ కాకపోతే అనొచ్చు. ఆయన ప్రొఫెసర్‌కి రెండు వాక్యాలు రాశాడు: "ఈ నిమిషం నుంచి నేను మేనేజర్‌ని కాను. ముద్ర మీకు పంపిస్తున్నాను, ఇంకెవరికైనా ఇవ్వండి." ముప్పై ఒక్క ఏళ్ళ పని. పంపు అని నొక్కాడు, అంతే. తరవాత తెలుగు గ్రూప్ తెరిచి, చింతచిగురు కింద, ఒక మామూలు మనిషిగా మొదటి ముక్క రాశాడు: "ఇవాళే చదివాను. నేనున్నాను. ఉంచండి."

పన్నెండయింది. హార్బర్‌నెట్‌కి ఇంకో పాత అలవాటుంది. లాగిన్ లేనివాళ్ళు మెయిల్‌లో రాసి పంపితే, అలాంటివన్నీ కూడగట్టి గంటకొకసారి గ్రూప్‌లో వేస్తుంది. పన్నెండు కొట్టగానే ఆయన ఉత్తరం పక్కన ఇంకొకటి వచ్చి పడింది. రాసిన టైమ్ పదకొండూ పది. అంటే ఆయన పని వదులుకోకముందే, గడువు దాటకముందే రాసింది.

"కాటికాపరి గారికి,
1998 జూన్ నాటి మీ నోటీసుకి జవాబు. ఆలస్యమైంది, ఏమనుకోకండి. మేం ఇండియా వెళ్ళాం. వచ్చేశాం. ఉంచండి.
– వసుమతి. పక్కనే మీనాక్షి."

గరాజ్ తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మీనాక్షి లోపలికొచ్చింది. చేతిలో కూరల సంచీ లేదు.

శ్యామ్‌సుందర్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కూర్చునే ఉన్నాడు, లేవలేదు. ఏదో అనబోయాడు. "మీనాక్షీ, ఆ రోజు..." అన్నాడు. అంతే, పెదవులు బిగబట్టినా ఆగలేదు, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

ఆవిడ దగ్గరికొచ్చి ఆయన ఒళ్ళోంచి ల్యాప్‌టాప్ తీసి పక్కన పెట్టింది. తల మీద చెయ్యి వేసింది.

"ఏడవండి" అంది. "ఈపూటకి నేను తిరుగుతాను."

చెప్పులు విడిచి, వంటగది గుమ్మం నుంచి గరాజ్ తలుపుదాకా, కార్పెట్ అరిగిపోయిన ఆ దారి వెంట మెల్లగా నడవడం మొదలుపెట్టింది.